ఇల్లు కదలలేదు, ఊరి దేశం మారింది: పాత అట్లాసులో పోలండ్, ఒక సందేహం

పాత అట్లాసు (సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం లెనిన్ సెంటరులో పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒక ఇంగ్లీషు అట్లాసు కనబడింది. అట్ట ఊడిపోయింది. అచ్చయిన సంవత్సరం ఉండాల్సిన పేజీని చెదలు తినేశాయి. ఎనభై చెప్పాడు, అరవైకి ఇచ్చాడు. ఆస్ట్రియా ఇంకా విడి దేశంగానే ఉంది కాబట్టి 1938 మార్చికి ముందుదని నా అంచనా.

ఐరోపా పేజీ తెరిస్తే పోలండ్ ఇప్పుడున్న చోట లేదు. బాగా తూర్పుకు జరిగి ఉంది. ల్వూవ్, విల్నో రెండూ పోలండ్ రంగులోనే ఉన్నాయి. ఇప్పుడు మొదటిది ఉక్రెయిన్‌లో ల్వివ్, రెండోది లిథువేనియా రాజధాని విల్నియస్. పడమట బ్రెస్లావ్ జర్మనీ రంగులో ఉంది. అదే ఇప్పుడు పోలండ్‌లో వ్రొత్స్వావ్.

మా అమ్మాయి గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. ఆమె నోట్సులో ఇలా ఉంది: "రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోలండ్ జనాభాలో దాదాపు మూడో వంతు మంది పోలిష్ జాతికి చెందనివారు. యుద్ధానంతర సరిహద్దు మార్పుల వల్ల అది ఏకజాతి దేశంగా మారింది." రెండు వాక్యాలూ పక్కపక్కనే హాయిగా కూర్చుని ఉన్నాయి. నాకు మాత్రం మింగుడుపడలేదు. గీత జరిపితే దేశం మూడో వంతు జనం మాయమైపోతారా? వాళ్ళంతా ఎక్కడికి వెళ్ళినట్టు? తెలిసినవాళ్ళు చెప్పండి.

అరండల్‌పేట కాఫీ (గుంటూరు)

మీరు అరవై రూపాయలకు కొన్నది అట్లాసు కాదండీ, తగాదా. మాస్టారు ఇంకా చూసినట్టు లేరు.

లెక్కల శారద (గుంటూరు)

మాస్టారు వచ్చేలోపు ఒక చిన్న లెక్క చెబుతాను. 2011 జనాభా లెక్కల్లో మన గుంటూరు జిల్లా జనాభా దాదాపు 49 లక్షలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక, అవే 2011 లెక్కల ప్రకారం, గుంటూరు జిల్లా జనాభా 21 లక్షల దగ్గర నిలిచింది. ఒక్క రాత్రిలో 28 లక్షల మంది ఎక్కడికి వెళ్ళారు? ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. నరసరావుపేటలో పడుకున్నవాళ్ళు నరసరావుపేటలోనే లేచారు, కాకపోతే పల్నాడు జిల్లాలో లేచారు. రేపల్లెవాళ్ళు బాపట్ల జిల్లాలో లేచారు. మిగిలిన గుంటూరులో పట్టణ జనం వాటా, అక్షరాస్యత, అన్ని సగటులూ కదిలాయి. మనుషులు కదలలేదు.

కాబట్టి మీ ప్రశ్నకు సగం జవాబు "అవును, గీత జరిపితే మాయమవుతారు", కాగితం మీద. మిగతా సగం ఇంత తేలిక కాదు, అది వేరే ఘోరం.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

శారద గారి జిల్లా లెక్క బాగుంది. అయితే దాన్ని పోలండ్ దాకా లాక్కుపోతే పప్పులో కాలేసినట్టే. వరసగా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి నాలుగు వాక్యాల్లో ముగించడం రాదు.

1931 జనాభా లెక్కల్లో పోలండ్ జనం దాదాపు 3 కోట్ల 19 లక్షలు. పోలిష్ మాతృభాష అని చెప్పుకున్నవారు వందకు 69 మంది. మిగతావారిలో పెద్ద గుంపులు మూడు. ఉక్రేనియన్, రుసిన్ అని రెండు పేర్లతో విడగొట్టి లెక్కించినవారు కలిపి 44 లక్షలు. మతాన్ని బట్టి యూదులు 31 లక్షలు. బెలారుసియన్లు దాదాపు 10 లక్షలు. వీళ్ళ తర్వాత జర్మన్లు 7 లక్షల చిల్లర.

ఇక ఒక్కొక్కరికీ ఏమి జరిగిందో చూడండి. మూడు గుంపులది మూడు కథలు. నోట్సు రాసినాయన మూడింటినీ "సరిహద్దు మార్పులు" అనే ఒకే సంచిలో కుక్కాడు.

ఉక్రేనియన్లు, బెలారుసియన్లు: వీళ్ళలో అత్యధికులు శారద గారి నరసరావుపేటవాళ్ళ లాంటివాళ్ళే. 1921లో సోవియట్‌లతో కుదిరిన రీగా సంధితో పోలండ్‌కు వచ్చిన తూర్పు ప్రాంతాలు 1945లో సోవియట్ యూనియన్‌కు పోయాయి. భూమితో పాటు వాళ్ళూ లెక్కలోంచి పోయారు. పోలండ్ తూర్పున దాదాపు లక్షా ఎనభై వేల చదరపు కిలోమీటర్లు పోగొట్టుకుని, పడమట లక్ష పైచిలుకు సంపాదించుకుంది.

యూదులు: వీళ్ళ విషయంలో ఏ గీతకూ పని లేదు. పోలండ్ యూదుల్లో దాదాపు 30 లక్షల మందిని, అంటే పదిమందిలో తొమ్మిదిమందిని, నాజీలు చంపేశారు. వార్సా, వూజ్, ల్యూబ్లిన్ నగరాలు పోలండ్‌లోనే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. మనుషులే లేరు. "సరిహద్దు మార్పుల వల్ల ఏకజాతి దేశంగా మారింది" అనే వాక్యం ఈ చావులను తన కింద దాచిపెట్టుకుంది. అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పండి.

జర్మన్లు: వీళ్ళది తిరగబడిన కథ. గీత జరగడం వల్ల పోలండ్‌లో జర్మన్లు తగ్గలేదు, పెరిగారు! సైలీసియా, పొమరేనియా, తూర్పు ప్రష్యా దక్షిణ భాగం పోలండ్ పాలనలోకి వచ్చాయి. యుద్ధానికి ముందు అక్కడ ఉన్నది ప్రధానంగా జర్మన్లే. ఎర్ర సైన్యం వస్తోందని లక్షల మంది ముందే పారిపోయారు. మిగిలినవారిని బయటికి పంపారు. 1945 పోట్స్‌డామ్ ఒప్పందంలో ఈ తరలింపు "క్రమబద్ధంగా, మానవీయంగా" జరగాలని రాసుకున్నారు. ఆ కాగితం మీద సంతకాలయ్యేటప్పటికే తుపాకులు చూపించి ఊళ్ళు ఖాళీ చేయించడం మొదలైంది. తూర్పు ఐరోపా మొత్తం మీద పారిపోయినవారు, తరిమివేయబడినవారు కలిసి కోటీ ఇరవై లక్షల దాకా ఉంటారని చరిత్రకారులు చెబుతారు.

అంటే ఒక చోట గీత కదిలింది, ఒక చోట మనుషులు కదిలారు, ఒక చోట మనుషుల్ని చంపారు. ఫలితం పట్టికలో మాత్రం మూడూ ఒకే గడిలో కనిపిస్తాయి.

పాత అట్లాసు

మాస్టారూ, అమ్మాయికి చదివి వినిపించాను. నోట్సులో ఆ వాక్యం మీద ఎర్ర గీత కొట్టేసింది. ఒక సందేహం: తూర్పున పోయిన భూముల్లో పోలిష్ వాళ్ళు కూడా ఉండి ఉంటారు కదా? వాళ్ళు సోవియట్ పౌరులైపోయారా?

బ్రాడీపేట మాస్టారు

కొందరు అయ్యారు. చాలామంది రైలెక్కారు. 1944 సెప్టెంబరులోనే ల్యూబ్లిన్‌లోని పోలిష్ కమ్యూనిస్టు కమిటీ సోవియట్ ఉక్రెయిన్, బెలారుస్, లిథువేనియాలతో జనాల మార్పిడి ఒప్పందాలు చేసుకుంది. ఆ తర్వాతి రెండు మూడేళ్ళలో పది లక్షలకు పైగా పోలిష్ జనం పడమటికి వచ్చారు. అటువైపు దాదాపు 4 లక్షల 80 వేల మంది ఉక్రేనియన్లు పోలండ్ నుంచి సోవియట్ ఉక్రెయిన్‌కు వెళ్ళారు. పేరుకు స్వచ్ఛందం. మొదట కొంతమంది స్వచ్ఛందంగానే వెళ్ళారు, తర్వాత సైన్యం వచ్చి సామాన్లు సర్దించింది.

అప్పటికీ ఆగ్నేయ మూలన కొందరు ఉక్రేనియన్లు, లెమ్కోలు (అక్కడి కొండ ప్రాంతపు జనం) మిగిలిపోయారు. 1947 ఏప్రిల్‌లో మొదలైన విస్లా ఆపరేషన్‌లో సుమారు లక్షా నలభై వేల మందిని ఎత్తుకెళ్ళి, జర్మన్లు ఖాళీ చేసిన పడమటి జిల్లాల్లో చెల్లాచెదురుగా దింపారు. ఒక ఊళ్ళో ఎక్కువ మంది ఉండకూడదని లెక్క చూసుకుని మరీ విడదీశారు. వీళ్ళు దేశం దాటలేదు, గీత దాటలేదు. ఊరు మాత్రం పోయింది, ఆ తర్వాత పిల్లల నాలుక మీద భాష కూడా పలచబడింది.

లెక్కల శారద

మాస్టారు చెప్పినదానికి రెండు సవరణలు. కోపగించుకోరని ఆశ.

మొదటిది: 1931 లెక్కల్లో "మీది ఏ జాతి?" అని అడగలేదు. 1921లో అడిగారు. 1931లో అది తీసేసి మాతృభాష, మతం అడిగారు. ప్రశ్న మారిస్తే జవాబు మారుతుంది. ఆ వందకు 69 మంది మాతృభాష పోలిష్ అని నమోదైనవారు మాత్రమే, ఆ నమోదు మీద కూడా అప్పట్లోనే అభ్యంతరాలు వచ్చాయి. అన్నిటికన్నా నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. పొలేసియా అనే చిత్తడి నేలల ప్రాంతంలో ఏడు లక్షల మంది పైచిలుకు తమ భాష పోలిష్ అనీ చెప్పలేదు, బెలారుసియన్, ఉక్రేనియన్ అనీ చెప్పలేదు. "ఇక్కడి భాష" అన్నారు. లెక్కలవాళ్ళు దానికి విడిగా ఒక గడి పెట్టవలసి వచ్చింది! గణాంకాల పట్టికల్లో నేను చూసిన అతి నిజాయితీ గడి అదే.

రెండోది: "యుద్ధం కాగానే ఏకజాతి" అన్నది సరికాదు. 1946 ఫిబ్రవరి లెక్కల్లో పోలండ్ జనం 2 కోట్ల 39 లక్షలు. అందులో ఇంకా దాదాపు 23 లక్షల మంది జర్మన్లుగానే నమోదయ్యారు. మరో నాలుగు లక్షల మంది "పరిశీలనలో" ఉన్నారు. అంటే వీళ్ళు జర్మన్లా, జర్మనీ పాలనలో ఇన్నాళ్ళూ ఉండిపోయిన పోలిష్ వాళ్ళా అని అధికారులు తేల్చుతున్నారన్నమాట. సైలీసియా, మజూరియా (పాత తూర్పు ప్రష్యా దక్షిణ భాగం) ప్రాంతాల్లో ఇలా పరీక్ష చేసి పదిలక్షల మంది దాకా "పోలిష్" అని ముద్ర వేసి ఉంచుకున్నారు. మొన్నటిదాకా జర్మన్, ఇవాళ పోలిష్. గీత కదిలింది, మనుషులు కదలలేదు, మీద చీటీ మారింది. మాస్టారి మూడింటికి ఇది నాలుగోది.

ఆ చీటీ జిగురు ఎంత గట్టిదో తెలియాలంటే 2011 పోలండ్ జనాభా లెక్కలు చూడాలి. ఎనిమిది లక్షల మందికి పైగా తాము సైలీసియన్లమని చెప్పుకున్నారు. ప్రభుత్వ జాబితాలో అలాంటి జాతే లేదు.

బ్రాడీపేట మాస్టారు

కోపమెందుకమ్మా. 1946 అంకె నేను దాటేసిన మాట నిజమే. అప్పటికి సగం ఇల్లే ఖాళీ అయింది.

తెనాలి టపా (తెనాలి)

నేను తపాలా శాఖలో చేసి రిటైరయ్యాను. నా బుద్ధి చిరునామాల మీదికే పోతుంది. ఊరి పేరు మారితే పాత పేరుతో ఉత్తరాలు ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటాయి. బ్రెస్లావ్ విషయంలో పేరు మాత్రమే కాదు, ఉత్తరం అందుకునే మనిషే మారిపోయాడు. వీధి అదే, మెట్లు అవే, గడప లోపల ఇంకొక కుటుంబం. వాళ్ళలో చాలామంది ఇళ్ళూ వాకిళ్ళూ వదులుకుని తూర్పు నుంచి వచ్చినవాళ్ళే.

ఒక సంగతి చదివి ఆశ్చర్యపోయాను. ల్వూవ్‌లోని ఒసొలిన్స్కి గ్రంథాలయంలోని పుస్తకాల్లో కొంత భాగాన్ని మూటలు కట్టి వ్రొత్స్వావ్‌కు తరలించారు, 1947 నుంచి అది అక్కడే పనిచేస్తోంది. ల్వూవ్ విశ్వవిద్యాలయం అధ్యాపకులు కూడా చాలామంది వచ్చారు. ఇంకా విచిత్రం, రాత్స్వావిత్సే యుద్ధ చిత్రం. పదిహేను మీటర్ల ఎత్తు, నూట పద్నాలుగు మీటర్ల పొడవు ఉన్న కాన్వాసు. దాన్ని చాపలా చుట్టి 1946లో ల్వూవ్ నుంచి తెచ్చారు. తెచ్చి ఏమి చేశారు? దాదాపు నలభై ఏళ్ళు ప్రదర్శనకు పెట్టలేదు. ఎందుకంటే అందులో పోలిష్ రైతులు 1794లో రష్యా సైన్యాన్ని ఓడిస్తున్నారు. మాస్కో నీడలో అది ఎవరు వేలాడదీస్తారు? 1985లో గాని జనం చూడలేకపోయారు.

బెజవాడ నుంచి కనకదుర్గమ్మ గుడి రికార్డులు, మ్యూజియం బొమ్మలు, కాలేజీ మాస్టార్లు అందరినీ మూటకట్టి ఎక్కడో ఐదువందల కిలోమీటర్ల అవతల ఖాళీ ఊళ్ళో దింపి, "ఇకనుంచి ఇదే బెజవాడ" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అరండల్‌పేట కాఫీ

ఆ ఖాళీ ఊళ్ళో కృష్ణ ఉండదు కదండీ. మాకు తాగునీళ్ళు ఎవరిస్తారు?

మీ మాటలు వింటే ఒక కథ గుర్తొచ్చింది, ఉక్రెయిన్ పడమటి చివర ఉజ్‌హొరోద్ వైపు చెప్పుకునేది. ఒక ముసలాయన అంటాడట: "నేను ఆస్ట్రియా-హంగేరీలో పుట్టాను, చెకోస్లొవేకియాలో బడికి వెళ్ళాను, హంగేరీలో పెళ్ళాడాను, సోవియట్ యూనియన్‌లో ఉద్యోగం చేశాను, ఉక్రెయిన్‌లో పెన్షను తీసుకుంటున్నాను." విన్నవాడు "అబ్బో, లోకం చుట్టివచ్చారే!" అంటే, ఆయన "ఎక్కడండీ, ఈ ఊరి పొలిమేర దాటలేదు" అన్నాడట.

బళ్ళారి ఆడపడుచు (నల్లపాడు, గుంటూరు)

కాఫీ గారి కథ చదివి నవ్వాను, తర్వాత నవ్వు ఆగింది. మా నాన్నగారి కథ కూడా దాదాపు అదే.

నా పుట్టిల్లు బళ్ళారి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అంగళ్ళలో ఉర్దూ. మా నాన్నగారి జనన ధ్రువపత్రం మీద మద్రాసు రాష్ట్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాను విడగొట్టారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి పట్టణం మైసూరుకు వెళ్ళింది. కాబట్టి ఆయన బడి సర్టిఫికెట్టు మైసూరుది. 1973లో రాష్ట్రం పేరు మారింది గనుక ఉద్యోగం కాగితాలు కర్ణాటకవి. ఇల్లు మాత్రం ఒకటే. వేపచెట్టు కూడా ఒకటే, ఇప్పటికీ ఉంది.

మాకు ఎవరూ తుపాకీ చూపించలేదు. పోలండ్‌తో పోల్చడం పాపం. కానీ గీత ఏమి చేస్తుందో మాకు కొంచెం తెలుసు. మా నాయనమ్మ పుట్టిల్లు ఆదోని. అన్నదమ్ముల పొలం కాగితాలు తెలుగులో, ఆమెవి కన్నడంలో. మా పెదనాన్న పిల్లలు తెలుగు చదవగలరు, మేము మాట్లాడగలం గానీ చదవడం నేను పెళ్ళయ్యాక గుంటూరు వచ్చి నేర్చుకున్నదే. ఎవరూ మా భాష మానెయ్యమనలేదు. బడిలో లేదు, అంతే. ఒక తరం గడిచేసరికి మా వీధిలో "తెలుగువాళ్ళ ఇళ్ళు" తగ్గిపోయాయి. ఆ ఇళ్ళూ ఉన్నాయి, అందులో మనుషులూ ఉన్నారు.

లెక్కల శారద

మీ చివరి రెండు వాక్యాలు నేను మా విద్యార్థులకు చెప్పుకుంటాను, అనుమతిస్తే.

బళ్ళారి ఆడపడుచు

చెప్పండమ్మా, దానికి అనుమతి దేనికి.

కృష్ణలంక (విజయవాడ)

అందరూ బాధ గురించే మాట్లాడుతున్నారు. ఎదురు ప్రశ్న అడుగుతాను, తిట్టకండి. పోలండ్, చెక్ దేశాల్లో 1945 తర్వాత జాతుల గొడవలు పెద్దగా లేవు. అంతకుముందు ఇరవై ఏళ్ళూ గొడవలే. చెక్ సరిహద్దుల్లో ఉండే సుడెటెన్ జర్మన్ల పేరు చెప్పుకునే కదా హిట్లర్ చెకోస్లొవేకియాను మింగాడు? అయితే వేరుచేయడం వల్ల మేలు జరిగినట్టే కదా? కఠినమైనదే కావచ్చు, వైద్యం కూడా కఠినంగానే ఉంటుంది.

అరండల్‌పేట కాఫీ

మాస్టారూ, రక్తపోటు మాత్ర వేసుకుని రండి.

బ్రాడీపేట మాస్టారు

వేసుకునే వచ్చాను.

బాబూ, ఈ వాదన కొత్తది కాదు. 1944 డిసెంబరులో చర్చిల్ బ్రిటిష్ పార్లమెంటులో ఇదే చెప్పాడు: కలగాపులగమైన జనం ఉంటే అంతులేని గొడవలు, ఊడ్చిపారేస్తే సుఖం. దానికి ఆదర్శంగా 1923 నాటి గ్రీసు, టర్కీల జనమార్పిడిని చూపించాడు.

సరే, ఆ ఆదర్శాన్నే చూద్దాం. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కుదిరిన ఒప్పందం అది. టర్కీలోని అనతోలియా నుంచి పన్నెండు లక్షల మంది దాకా ఆర్థొడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు చేరారు. చాలామంది ఒప్పందానికి ముందే, యుద్ధంలోనే పారిపోయినవారు. గ్రీసు నుంచి మూడున్నర నాలుగు లక్షల మంది ముస్లింలు టర్కీకి వెళ్ళారు. ఎవరు గ్రీకు, ఎవరు టర్కు అన్నది దేన్నిబట్టి తేల్చారు? భాషను బట్టి కాదు, మతాన్ని బట్టి. కారమాన్ ప్రాంతం క్రైస్తవులకు ఇంట్లో మాట టర్కిషే, దాన్ని గ్రీకు లిపిలో రాసుకునేవారు. వాళ్ళను "స్వదేశం" అని గ్రీసుకు పంపితే అక్కడి మాట ఒక్క ముక్క అర్థం కాలేదు. క్రీట్ ద్వీపం ముస్లింలకు గ్రీకు తప్ప వేరే భాష రాదు, వాళ్ళను టర్కీకి పంపారు. ఇద్దరూ వెళ్ళిన చోట పరాయివాళ్ళే అయ్యారు. ఇదేనా నీ వైద్యం?

"జాతి" అన్న మాట మనకు తెలుగులో ఎంత సాగుతుందో చూడు. తెలుగు జాతి అంటాం, మానవ జాతి అంటాం, జాతి వైరం అంటాం, మామిడి పండ్లలో జాతి అంటాం. ఒప్పందాలు రాసే దొరలకు కూడా ఇంతకన్నా స్పష్టత లేదు. ఒక చోట భాష, ఒక చోట మతం, ఒక చోట తాత పేరు. దేన్నిబట్టి గీస్తే ఆ గీతకు తగ్గ జాతి పుట్టుకొస్తుంది.

కృష్ణలంక

మాస్టారూ, లొజాన్ ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. గొడవలు తగ్గాయా లేదా?

బ్రాడీపేట మాస్టారు

తగ్గాయి. మనిషే లేనిచోట వాడితో గొడవ ఉండదు. చెక్ ప్రాంతాల్లో 1930లో వందకు దాదాపు ముప్పైమంది జర్మన్లు, 1950 నాటికి ఇద్దరు కూడా లేరు. ఇంక ఎవరితో పోట్లాడతారు? నువ్వు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. తరిమికొట్టకుండా గొడవ తగ్గిన చోటు ఉందా? ఉంది. దక్షిణ టైరోల్. మొదటి యుద్ధం తర్వాత ఆస్ట్రియా నుంచి ఇటలీకి ఇచ్చేశారు. జనం దాదాపు అంతా జర్మన్ మాట్లాడేవాళ్ళు. ముస్సోలినీ ఊళ్ళ పేర్లు మార్చాడు, బడుల్లో జర్మన్ తీసేశాడు, 1939లో హిట్లర్‌తో కలిసి "పోతారా, ఉండి ఇటాలియన్లు అవుతారా" అని అడిగించాడు. ఎక్కువమంది పోతామన్నారు, యుద్ధం వల్ల చాలామంది కదలలేదు. 1960లలో బాంబులు కూడా పేలాయి. చివరికి 1972లో విస్తృత స్వయంపాలన ఇచ్చారు. ఇవాళ అక్కడ పదిమందిలో ఏడుగురు జర్మన్ మాట్లాడేవాళ్ళే, ఇటలీలోనే ఉన్నారు, హాయిగా ఆపిల్ పండించుకుంటున్నారు. గీత అక్కడే ఉంది, మనుషులూ అక్కడే ఉన్నారు.

కృష్ణలంక

యాభై ఏళ్ళు పట్టింది కదా, బాంబులతో సహా. మీరు మంచి ఉదాహరణ ఒకటి ఏరి చూపించారు. పాఠం చెప్పేవాళ్ళకు ఇది అలవాటు.

బ్రాడీపేట మాస్టారు

వినని విద్యార్థికి ఎన్ని ఉదాహరణలు చెప్పినా

నిర్వాహకుడు

మాస్టారి పై వ్యాఖ్యలో సగం తొలగించాను. ఇద్దరూ కాస్త నెమ్మది. విషయం మీద ఉండండి, ఒకరి మీద ఒకరు వద్దు.

లెక్కల శారద

కృష్ణలంక గారి ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. మాస్టారి కోపమూ అర్థమవుతుంది. నేను ఒక్కటే అంటాను: దేశం మొత్తం శాతాలు చూసి "వేరయ్యారు, వేరవలేదు" అని తేల్చకండి. బోస్నియా తీసుకోండి. 1991 లెక్కల్లో బోస్నియా ముస్లింలు 43.5 శాతం, సెర్బులు 31 శాతం, క్రొయేట్లు 17 శాతం. దాదాపు నాలుగేళ్ళ ఘోర యుద్ధం, 1995లో దాన్ని ఆపిన డేటన్ ఒప్పందం. మళ్ళీ 2013లో లెక్క పెడితే బోస్నియాకులు (అప్పట్లో ముస్లింలని రాసుకున్నవారే) 50, సెర్బులు దాదాపు 31, క్రొయేట్లు 15. సెర్బుల శాతం ఇంచుమించు అక్కడే ఉంది! ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. దేశం బయటి సరిహద్దూ మారలేదు. కానీ లోపల డేటన్ గీసిన గీతకు ఒక పక్కన ఉన్న సెర్బ్ రిపబ్లిక్‌లో చూస్తే పదిమందిలో ఎనిమిదిమంది సెర్బులే. ఒకప్పుడు కలిసి ఉన్న ఊళ్ళు విడిపోయాయి. పెద్ద సగటు దాన్ని చూపించదు.

పాత అట్లాసు

మన దేశం సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? 1941లో అవిభక్త భారతంలో ముస్లింలు దాదాపు 24 శాతం, 1951 భారతంలో 10 శాతం లోపు అని అమ్మాయి చెబుతోంది. మిగతావారంతా వలస పోయారా?

లెక్కల శారద

చాలామంది అలాగే అనుకుంటారు. కాగితం మీద వేసి చూద్దాం. 1951 నాటికి రెండు వైపులా దేశం మారినవారు ఒక్కో వైపు 72 లక్షల పైన. అప్పటి భారత జనాభా 36 కోట్లు. 36 కోట్లలో 72 లక్షలంటే రెండు శాతం. అంటే ఆ 14 శాతం తగ్గుదలలో వలసది ఉజ్జాయింపుగా రెండు పాళ్ళు. మిగతా పన్నెండు పాళ్ళూ గీతవే. తూర్పు బెంగాల్, పశ్చిమ పంజాబు, సింధు, వాయువ్య సరిహద్దు రాష్ట్రం, బలూచిస్తాన్‌లలో ఉన్నవాళ్ళు ఇల్లు కదలకుండానే మన లెక్కలోంచి వెళ్ళిపోయారు.

కానీ పంజాబు ఒక్కదాన్నే తీసుకుంటే అంతా తలకిందులు. అక్కడ గీత కాదు, మనుషులే కదిలారు, లక్షల మంది చచ్చిపోయారు. తూర్పు పంజాబులో ముస్లింలు దాదాపు లేకుండా పోయారు, మలేర్‌కోట్ల లాంటి చోట తప్ప. అవతల పశ్చిమ పంజాబులో హిందువులు, సిక్కులు అలాగే లేకుండా పోయారు. బెంగాల్లో అలా ఒక్క దెబ్బన జరగలేదు, ఏళ్ళ తరబడి విడతలు విడతలుగా జరిగింది. మొత్తం మీద రెండు శాతం. అమృత్‌సర్ వీధిలో నిలబడి చూస్తే రెండు శాతం అనిపించదు.

తెనాలి టపా

దీనికి తోకగా ఒకటి. 2015 జూలై 31 అర్ధరాత్రి భారత్, బంగ్లాదేశ్ 162 చిన్న చిన్న భూఖండాలు మార్చుకున్నాయి. ఒక దేశం పొట్టలో ఇంకొక దేశం ముక్కలు. అక్కడివాళ్ళను ఏ దేశం కావాలో ఎంచుకోమన్నారు. మన పక్కన ఉన్న బంగ్లాదేశ్ ముక్కలవాళ్ళు ఎవరూ కదలలేదు. వారి పక్కన ఉన్న మన ముక్కల నుంచి వెయ్యి మంది లోపే ఇటు వచ్చారు. నిజంగా అడిగితే మనిషి ఇల్లునే ఎంచుకుంటాడని నా అభిప్రాయం.

కృష్ణలంక

లేదా పొలాన్ని. అయితే ఫిన్లాండ్ చూడండి. సోవియట్‌కు కరేలియా ఇచ్చేయాల్సి వస్తే అక్కడి నాలుగు లక్షల మందికి పైగా, దాదాపు ఊళ్ళకు ఊళ్ళు, గీతతో పాటు లోపలికి వచ్చేశారు. పొలం వదులుకున్నారు. మాస్టారూ, ఇది మీ వైపు ఉదాహరణో నా వైపుదో నాకే తెలియడం లేదు.

బ్రాడీపేట మాస్టారు

ఇద్దరి వైపూ కాదు. వాళ్ళకు ఫిన్లాండ్ 1945లో చట్టం చేసి భూములు పంచింది, ఉన్నవాళ్ళ దగ్గర తీసుకుని మరీ. ఆ పని చేసిన దేశాలు తక్కువ. బాగా గుర్తుచేశావు. మొన్న అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాత అట్లాసు

ఇన్ని చదివాక రాత్రి అట్లాసు మళ్ళీ తీశాను. ఐరోపా పేజీ కాకుండా ఈసారి మన పేజీ. ఇంతకుముందు గమనించలేదు, పంజాబు మీద పెన్సిలు గీత ఉంది. పాత యజమాని ఎవరో 1947లో గీసుకుని ఉండాలి. వింత ఏమిటంటే గురుదాస్‌పూర్ దగ్గర గీత రెండుగా కనిపిస్తోంది. ఒకటి రబ్బరుతో చెరిపినట్టు మసకగా, జిల్లాకు తూర్పున. రెండోది గట్టిగా, పడమట.

బ్రాడీపేట మాస్టారు

అది పొరపాటున గీసింది కాదు. స్వాతంత్ర్య చట్టంలోని తాత్కాలిక విభజనలో గురుదాస్‌పూర్ జిల్లా పాకిస్తాన్ వైపు ఉంది. అసలు సరిహద్దు గీసిన రాడ్‌క్లిఫ్ తీర్పు ఆగస్టు 17న బయటపడింది, శకర్‌గఢ్ తహసీలు తప్ప మిగతా మూడూ ఇటు వచ్చాయి. మీ పెన్సిలాయన పేపరు చూసి గీసి, మళ్ళీ పేపరు చూసి చెరిపాడు. రావి నది అవతల ముక్కను వదిలాడో లేదో చూడండి.

పాత అట్లాసు

వదిలాడు.

తెనాలి టపా

ఫోటో పెట్టండి.

పాత అట్లాసు

ట్యూబులైటు కింద పెన్సిలు గీత పడడం లేదు. రేపు పొద్దున ఎండలో తీసి పెడతాను.